వీడియోలో కనిపించిన వస్తువు ఏమిటో కనుక్కోవడం: గూగుల్ లెన్స్, సర్కిల్ టు సెర్చ్, మిగతా టూల్స్ ఎంతవరకు పనికొస్తాయి

యూట్యూబ్‌లో ఏ వంట వీడియో కిందైనా, చీరల వీడియో కిందైనా కామెంట్లు చూడండి. "అక్కా, ఆ గిన్నె ఎక్కడ కొన్నారు", "బ్లౌజ్ డీటెయిల్స్ చెప్పండి", "లింక్ ప్లీజ్" అని వరసగా ఉంటాయి. జవాబు వచ్చేది తక్కువ. వచ్చినా అది అఫిలియేట్ లింక్ (దాని ద్వారా కొంటే వీడియో పెట్టినవాళ్లకి కమిషన్ వచ్చే లింక్) అయి ఉండొచ్చు, అందులో అమ్మేది వీడియోలో ఉన్న వస్తువే కావాలని లేదు. ఫోన్లో ఇప్పటికే ఉన్న విజువల్ సెర్చ్ టూల్స్‌ని, అంటే బొమ్మ చూపించి వెతికే టూల్స్‌ని సరిగ్గా వాడితే చాలాసార్లు ఎవర్నీ అడగక్కర్లేదు.

తీర్పు ముందే చెప్పేస్తే: రోజువారీ అవసరానికి గూగుల్ లెన్స్ ఒక్కటి చాలు. ఆండ్రాయిడ్ ఫోన్లో సర్కిల్ టు సెర్చ్ ఉంటే అదే లెన్స్‌కి దగ్గరి దారి. టిన్‌ఐ, యాండెక్స్, బింగ్, పిన్‌టరెస్ట్ ఒక్కోటి ఒక్కో పనికి పనికొస్తాయి. అయితే ఏ టూల్ వాడినా సరే, ఫలితాన్ని తేల్చేది దానికి ఇచ్చిన ఫ్రేమ్, అంటే వీడియోలోంచి తీసి ఇచ్చిన ఒక్క బొమ్మ. మసక ఫ్రేమ్ ఇచ్చి "లెన్స్ ఏదేదో చూపిస్తోంది" అనుకునేవాళ్లే ఎక్కువ. అందుకే టూల్స్ కంటే ముందు ఫ్రేమ్ గురించి.

ఫ్రేమ్ ఎలా పట్టాలి

అడ్డంగా తీసిన వీడియోని ఫోన్ నిలువుగా పట్టుకుని చూస్తున్నారనుకోండి. 1080 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద ఆ వీడియోకి దక్కేది 1080×608 పిక్సెళ్లే. అదే ఫోన్‌ని అడ్డంగా తిప్పి ఫుల్ స్క్రీన్ చేస్తే 1920×1080 దక్కుతాయి. అంటే మూడు రెట్లకు పైగా వివరం. స్క్రీన్‌షాట్ తీసే ముందు ఫోన్ తిప్పడం అనే ఈ చిన్న పనిని చాలామంది వదిలేస్తారు.

రెండోది క్వాలిటీ. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఆటో సెట్టింగ్ 360పీకి దిగిపోతుంది. అప్పుడు మొత్తం బొమ్మే 640×360. తెర వెడల్పులో పదో వంతు ఉన్న జుంకాకి అడ్డంగా 64 పిక్సెళ్లు మిగులుతాయి. అంత చిన్న ముక్కలో రాళ్లు, ముత్యాలు, పూసలు అన్నీ ఒకే మచ్చగా కలిసిపోతాయి. గేర్ గుర్తు నొక్కి క్వాలిటీని 1080పీకి మార్చండి. మార్చాక పది సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ ఆడించండి. అప్పటికే లోడ్ అయిన భాగం పాత క్వాలిటీలోనే కనిపించే అవకాశం ఉంది.

మూడోది కదలిక. చీర ఊపి చూపిస్తున్న క్షణం, ఉంగరం వేలిని కెమెరా ముందు తిప్పుతున్న క్షణం పనికిరావు. చీర భుజం మీద పరిచి ఆపినప్పుడు, గిన్నె పొయ్యి మీద పెట్టి చేయి తీసేసినప్పుడు, గది మొత్తం ఒక్కసారి నిలకడగా చూపించినప్పుడు ఉన్న ఫ్రేమ్ కావాలి. స్పీడ్‌ని 0.25కి తగ్గిస్తే ఆ చోటు సులువుగా దొరుకుతుంది. కంప్యూటర్లో ఇంకా తేలిక: వీడియో ఆపి కీబోర్డులో ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు, కామా కీ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కి జరుగుతుంది.

యూట్యూబ్ యాప్‌లో పాజ్ చేయగానే బొమ్మ మీద నల్లటి పొర, బటన్లు వచ్చి కూర్చుంటాయి. అలాగే స్క్రీన్‌షాట్ తీస్తే రంగులు చచ్చిపోతాయి, ప్లే బటన్ సరిగ్గా వస్తువు మీదే పడుతుంది. ఖాళీ చోట ఒకసారి తాకి ఆ పొర పోయాక తీయండి. రీల్స్‌లో అయితే కింద పేరు, క్యాప్షన్, కుడివైపు గుండె గుర్తు ఎటూ ఉంటాయి కాబట్టి, ఆడుతుండగానే రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీసి, వాటిలో మంచిదాన్ని క్రాప్ చేసుకోవడం మేలు. ఒకరి రీల్‌ని ఇంకొకరు డౌన్‌లోడ్ చేసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ వీడియో ఇంకోసారి కుదించబడి వివరం పోతుంది. అసలు పెట్టినవాళ్ల పేజీ దొరికితే అక్కడి ఫ్రేమ్ వాడండి.

కంప్యూటర్లో క్రోమ్ వాడేవాళ్లకి ఒక మంచి దారి ఉంది. యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే ముందు యూట్యూబ్ సొంత మెనూ వస్తుంది. దాన్ని అలాగే ఉంచి ఇంకోసారి రైట్ క్లిక్ చేయండి. బ్రౌజర్ మెనూ తెరుచుకుంటుంది, అందులో వీడియో ఫ్రేమ్‌ని కాపీ చేసే ఆప్షన్, దాచుకునే ఆప్షన్ ఉంటాయి. కాపీ చేసి గూగుల్ ఇమేజెస్ పేజీలో కెమెరా గుర్తు నొక్కి కంట్రోల్ వీ కొడితే చాలు. ఈ ఫ్రేమ్‌లో బటన్లు ఉండవు, వీడియో ఎంత క్వాలిటీలో ఆడుతోందో అంత పూర్తి సైజులో వస్తుంది. ఫోన్ స్క్రీన్‌షాట్ కంటే ఇది ప్రతిసారీ మెరుగే. చీర జరీ, నగలో రాళ్ల అమరిక లాంటి సన్నని పనికి కంప్యూటర్ దగ్గర కూర్చోవడమే ఉత్తమం.

నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటి ఓటీటీ యాప్‌లలో ఫోన్ స్క్రీన్‌షాట్ నల్లగా వస్తుంది. అది కాపీ రక్షణ, ఫోన్ చెడిపోయినట్టు కాదు. సర్కిల్ టు సెర్చ్‌కి కూడా ఆ నలుపే కనిపిస్తుంది. సినిమాలోని దుస్తులో ఫర్నిచరో కావాలంటే ఆ సినిమా ట్రైలర్, పాటల వీడియో యూట్యూబ్‌లో అధికారికంగా ఉంటాయి, అక్కడ వెతకండి. టీవీ తెరని ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తే అలల్లాంటి గీతలు పడతాయి. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, కొంచెం జూమ్ చేసి, కొద్దిగా పక్క కోణం నుంచి తీస్తే ఆ గీతలు తగ్గుతాయి.

రంగు సంగతి విడిగా చెప్పాలి. ఆన్‌లైన్ వీడియోల్లో వెలుగు వివరం పూర్తిగా ఉంచి, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెళ్లకి ఒకటి చొప్పున ఉంచుతారు. అందుకే ఎర్ర అంచు మీది సన్నని పచ్చ గీత వీడియోలో మట్టి రంగుగా కనిపిస్తుంది. దానికి తోడు రింగ్ లైట్, ఫిల్టర్. డిజైన్ పట్టుకోవడానికి వీడియోని నమ్మొచ్చు. వంగపండు రంగా, మెరూనా అన్నది మాత్రం వీడియో చూసి తేల్చుకోకండి.

లెన్స్, సర్కిల్ టు సెర్చ్

గూగుల్ లెన్స్‌ని 2017లో ప్రకటించారు. 2022లో గూగుల్ ఇమేజెస్‌లో పాత కెమెరా సెర్చ్ స్థానంలో ఇదే వచ్చింది. సర్కిల్ టు సెర్చ్ 2024 జనవరిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్24 ఫోన్లతో మొదలై, తర్వాత మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లకీ పాకింది. అడుగున ఉండే హోమ్ బటన్‌ని గానీ, జెస్చర్ గీతని గానీ నొక్కి పట్టుకుంటే తెర ఉన్నపళంగా బొమ్మలా నిలిచిపోతుంది. అప్పుడు కావలసిన వస్తువు చుట్టూ వేలితో గీయాలి. మీ ఫోన్లో రావడం లేదంటే సెట్టింగ్స్ తెరిచి వెతుకు పెట్టెలో సర్కిల్ అని కొట్టండి. ఆ సదుపాయం ఉంటే అక్కడ ఆన్ చేసుకోవచ్చు.

దీని గొప్పతనం ఏ యాప్ మీదైనా పనిచేయడం. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లో వచ్చిన వీడియో, ఎక్కడైనా సరే. స్క్రీన్‌షాట్ తీయడం, గ్యాలరీ తెరవడం, షేర్ చేయడం అనే మూడు పనులు తప్పుతాయి. తెర నిలిచినప్పుడు అడుగున వచ్చే వెతుకు బార్‌లో సంగీతపు గుర్తు నొక్కితే వీడియో వెనక మోగుతున్న పాట ఏదో కూడా చెబుతుంది. మాటల వెనక సన్నగా వినిపించే పాటకి ఇది తడబడుతుంది. ఎవరూ మాట్లాడని చోట వినిపించండి.

ఐఫోన్‌లో ఇది లేదు. అక్కడ గూగుల్ యాప్‌లోనో క్రోమ్‌లోనో లెన్స్ ఉంటుంది, దానికి స్క్రీన్‌షాట్ ఇవ్వాలి. ఆపిల్ సొంత విజువల్ లుకప్ ఫొటోస్ యాప్‌లో దాచుకున్న వీడియోని ఆపినా పనిచేస్తుంది. మొక్కలకి, జంతువులకి, పేరున్న కట్టడాలకి బాగుంటుంది గానీ, కొనుక్కోవాల్సిన వస్తువుల విషయంలో లెన్స్‌కి సాటి రాదు. యూట్యూబ్ షార్ట్స్‌లోనే లెన్స్ కలిపే పని 2025లో మొదలైంది. షార్ట్ ఆపి పైన మెనూలో లెన్స్ ఎంచుకోవాలి. అఫిలియేట్ లింకులు ఉన్న షార్ట్స్‌లో ఆ బటన్ రాదు. అలాంటప్పుడు సర్కిల్ టు సెర్చ్ వాడుకోండి.

గీసేటప్పుడు పొదుపు పాటించండి. మనిషి మొత్తాన్ని చుట్టేస్తే లెన్స్ ఏది కావాలో తేల్చుకోలేక "పట్టుచీర కట్టుకున్న స్త్రీ" తరహా బొమ్మలు పోస్తుంది. హారం కావాలంటే హారం మాత్రమే, పక్కన వేలెడంత ఖాళీతో. ముఖం, చేతులు, ఛానల్ లోగో, క్యాప్షన్ అక్షరాలు ఉండకూడదు. అక్షరాలు చేరితే లెన్స్ ఆ అక్షరాల వెంట పోతుంది. ఫలితాలు వచ్చాక మూలలు పట్టుకుని లాగి చుట్టుకొలత మార్చొచ్చు. మొదటి ఫలితం నచ్చకపోతే ఫ్రేమ్ మార్చేముందు చుట్టుకొలత మార్చి చూడండి.

ఇంకో బలం బొమ్మకి మాట జోడించడం. ఫలితాల పేజీలో పెట్టెలో "బ్రాస్" అనో "కాటన్" అనో "స్పేర్ పార్ట్" అనో చేరిస్తే వెతుకులాట దారిలో పడుతుంది. ఇత్తడి అఖండ దీపం బొమ్మకి మాట జోడించకపోతే గాజు లాంతర్లు, క్యాండిల్ స్టాండ్లు కూడా కలిసి వస్తాయి. షాపులవాళ్లు వస్తువుల పేర్లు ఎక్కువగా ఇంగ్లిషులోనే పెడతారు కాబట్టి కొనాలనుకుంటే ఇంగ్లిషు మాట, వస్తువు గురించి తెలుసుకోవాలనుకుంటే తెలుగు మాట చేర్చండి. రెండూ వేర్వేరు ఫలితాలిస్తాయి.

ఫలితాల్లో పైన కనిపించే ట్యాబుల తేడా తెలియాలి. విజువల్ మ్యాచెస్ అంటే పోలికలు. ఎగ్జాక్ట్ మ్యాచెస్ అంటే అదే బొమ్మ ఇంకెక్కడుందో చూపేది. ప్రొడక్ట్స్ అంటే ధరలతో అమ్మకపు పేజీలు. వీడియో ఫ్రేమ్‌కి ఎగ్జాక్ట్ మ్యాచెస్‌లో ఏమీ రాకపోవడం మామూలే, ఎందుకంటే ఆ ఫ్రేమ్ ఫొటోగా ఎక్కడా ఉండదు. చాలామంది ప్రొడక్ట్స్‌లో మొదట కనిపించినదాన్నే అసలు వస్తువు అనుకుంటారు. లెన్స్ ఇచ్చేది పోలికే. పోలికల్లో పదింటికి ఏడెనిమిది పేజీల్లో ఒకే పేరు కనిపిస్తే ఆ పేరు పట్టుకోండి, బొమ్మని వదిలేసి ఆ పేరుతో మామూలుగా వెతకండి. లెన్స్ నుంచి రాబట్టాల్సింది పేరు. ధర, దుకాణం ఆ తర్వాత.

ఎక్కడ తప్పుతుంది

చీరల దగ్గర లెన్స్ మెప్పిస్తుంది, మోసం కూడా చేస్తుంది. పోచంపల్లి ఇక్కత్ డిజైన్ చూపిస్తే పేరు వెంటనే చెబుతుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆ డిజైన్‌ని పాలిస్టర్ మీద ప్రింట్ చేసిన చీరకీ అదే పేరు చెబుతుంది. దానికి కనిపించేది బొమ్మ ఆకారం, నేత కాదు. తేడా మీరే చూడాలి, వీడియోలో చూడొచ్చు కూడా. ఇక్కత్‌లో నూలుని ముందే కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ అంచులు రంపపు పళ్లలా సన్నగా చెదిరి ఉంటాయి. ప్రింట్‌లో అంచు గీసినట్టు తెగిపోయి ఉంటుంది. చూపించేవాళ్లు చెంగు మడిచినప్పుడో తిప్పినప్పుడో వెనకవైపు ఒక్క క్షణం కనిపిస్తుంది. ఆ ఫ్రేమ్ దగ్గర ఆగండి. వెనక కూడా ముందులాగే నిండుగా ఉంటే నేత, వెలిసినట్టుంటే ప్రింట్. గద్వాల్ చీరకైతే నూలు ఒంటికి పట్టు అంచు కలిసే గీత చూడాలి. రెండు రకాల నూలు కలిసే చోట మెరుపు ఉన్నట్టుండి మారుతుంది. లెన్స్‌కి ఇచ్చే ఫ్రేమ్‌లో ఆ గీత ఉంటే పేరు సరిగ్గా వచ్చే అవకాశం పెరుగుతుంది.

తేలియా రుమాల్‌ని మామూలు ఇక్కత్ ఖాతాలో వేసేయడం ఇంకో తప్పు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో లెక్కగా ఉండే గళ్ల డిజైన్, నూనెతో శుద్ధి చేసిన నూలు దాని గుర్తులు. పుట్టపాక నేతగాళ్లు ఇప్పటికీ నేస్తున్న ఈ బట్టకి 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నూనె శుద్ధి వీడియోలో కనపడదు కాబట్టి ఏ టూల్ అయినా రంగులు, గళ్ల వరకే చెప్పగలదు.

బొమ్మల విషయం ఇంకా స్పష్టం. ఏటికొప్పాక లక్కబొమ్మ చూపిస్తే కర్ణాటకలోని చన్నపట్న బొమ్మ అని చెప్పడం తరచూ జరుగుతుంది. రెండూ అంకుడు జాతి కర్రని తరిణె (లేత్) మీద తిప్పి లక్క పూసి చేసేవే, ఆకారాలూ దగ్గరగానే ఉంటాయి. చన్నపట్న బొమ్మల ఫొటోలు నెట్‌లో ఎక్కువ కాబట్టి పోలికల్లో అవే ముందుకొస్తాయి. బొమ్మకి "ఏటికొప్పాక" అని మాట జోడించి, వచ్చిన ఫొటోలతో రంగుల తీరు పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. కొండపల్లి బొమ్మల్లో ఈ గందరగోళం తక్కువ. పొణికి కర్ర చెక్కి, ముక్కలు అతికి చేసే అంబారీ ఏనుగు, దశావతారాలు వేరే చోట అంతగా కనిపించవు.

వంట వీడియోల్లో ఎక్కువమంది అడిగే రాచిప్పకి ఒక చిట్కా. లెన్స్ దాన్ని రాతి గిన్నె అని పట్టుకుంటుంది, కానీ తెలుగు పేరుతో అమ్మకపు పేజీలు తక్కువ. తమిళంలో దాన్ని కల్‌చట్టి అంటారు. ఆ మాటతో వెతికితే సైజులు, లీటర్లు, వాడే ముందు చేయాల్సిన శుద్ధి అన్నీ దొరుకుతాయి. నల్లగా నునుపుగా ఉన్న ప్రతి గిన్నె రాచిప్ప కాదు. క్యాస్ట్ ఐరన్ గిన్నె కూడా వీడియోలో అలాగే ఉంటుంది. అంచు మందం చూడండి: రాతిగిన్నెకి అంచు మందంగా, ఉలి గీతలతో ఉంటుంది.

యంత్ర భాగాల దగ్గర బొమ్మతో వెతకడం దాదాపు వృథా. ఫ్యాన్ రిపేర్ వీడియోలో బేరింగ్ కనిపిస్తే లెన్స్ వందల బేరింగులు చూపిస్తుంది, అన్నీ ఒకేలా ఉంటాయి. దానిమీద చెక్కిన నంబరే దాని గుర్తింపు. ఆ నంబర్ కనిపించే ఫ్రేమ్ పట్టుకుని లెన్స్‌తో అక్షరాలు చదివించండి. 6202 అంటే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 35, మందం 11. 6203 అంటే 17, 40, 12. వెనక జెడ్‌జెడ్ ఉంటే రెండువైపులా రేకు మూత, 2ఆర్ఎస్ ఉంటే రెండువైపులా రబ్బరు సీల్. కంటికి ఒకటిగా కనిపించే ఈ రెండు సైజులు ఒకదాని చోట ఇంకోటి కూర్చోవు. మిక్సీ కప్లర్‌కి నంబర్ ఉండదు కాబట్టి మోడల్ పేరుతో వెతకండి. పళ్ల లెక్క, రంధ్రం కొలత మీ దగ్గరున్న పాత ముక్క మీద స్కేలు పెట్టి చూసుకోండి.

పొలం వీడియోల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇక్కడ తప్పు పేరు వస్తే తప్పు మందు కొడతారు. మొక్కజొన్నలో కత్తెర పురుగుని తేల్చాలంటే తల మీద తలకిందులైన ఇంగ్లిషు వై అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు కనిపించాలి. ఆకు మీద చిల్లులు మాత్రమే ఉన్న ఫ్రేమ్ ఇస్తే లెన్స్ ఏ లద్దె పురుగు పేరైనా చెప్పగలదు. మిరపలో తామర పురుగులు మిల్లీమీటరు పొడవు కూడా ఉండీ ఉండనట్టుంటాయి. వీడియో ఫ్రేమ్‌లో అవి కనపడవు, ఆకు ముడత మాత్రమే కనిపిస్తుంది. ఆ ముడత నల్లి వల్లా వస్తుంది, వైరస్ వల్లా వస్తుంది. తామర పురుగైతే ఆకులు పైకి ముడుచుకుంటాయి, తెల్లనల్లి అయితే కిందికి. ఆ తేడా తెలిసే ఫ్రేమ్ ఎంచుకోండి. పంట తెగుళ్లకి లెన్స్ కంటే ప్లాంటిక్స్ అనే యాప్ మంచిది, తెలుగులో ఉంది, పంట ఏదో ముందే చెప్పించుకుంటుంది. ఎవరో తీసిన వీడియో ఫ్రేమ్ కంటే మీ చేలో ఆకు దగ్గరగా తీసిన ఫొటో ఇవ్వండి. మందు కొట్టేముందు మాత్రం వ్యవసాయ విస్తరణాధికారికో కృషి విజ్ఞాన కేంద్రానికో చూపించి తీరాలి.

ఆకుకూరలు, మందుమొక్కల వీడియోలదీ ఇదే సంగతి. ఎర్ర గలిజేరు, తెల్ల గలిజేరు నేల మీద పాకే తీరు వీడియోలో ఒకేలా ఉంటుంది. లెన్స్ ఒకదాని పేరు ఇంకోదానికి చెబుతుంది. నిజానికి ఆ రెండూ వేర్వేరు కుటుంబాల మొక్కలు. పువ్వు, కాడ, ఆకు వెనకభాగం మూడూ విడివిడి ఫ్రేముల్లో ఇచ్చి మూడు ఫలితాలూ కలిస్తేనే పేరు నమ్మండి. ప్లాంట్‌నెట్ యాప్‌లో పువ్వు, ఆకు, కాయ, బెరడు అని భాగం ఎంచుకునే వీలుంది, మొక్కలకి అదే మెరుగైన టూల్. ఫోన్ చెప్పిన పేరు నమ్మి ఏ ఆకూ తినకండి, కషాయం కాచుకోకండి.

ఊరు, గుడి, తేదీ

ట్రావెల్ వీడియోలో కనిపించిన చోటు పట్టుకోవడంలో లెన్స్ పేరున్న కట్టడాలకి తిరుగులేనిది. రామప్ప, లేపాక్షి, గోల్కొండ అరక్షణంలో చెప్పేస్తుంది. ఊళ్లో చిన్న శివాలయం గోపురానికి మాత్రం ఎక్కడిదో గుడి పేరు చెప్పేస్తుంది. ఆ కోవ చోట్లకి బొమ్మ కంటే అక్షరాలు నమ్మకం. దుకాణం బోర్డు, బస్సు నేమ్ బోర్డు, మైలురాయి, పంచాయతీ బోర్డు కనిపించే ఫ్రేమ్ వెతికి చదివించండి. ఊరి పేరు, మండలం దొరికితే మ్యాప్స్‌లో వీధి ఫొటోలతో పోల్చుకోవచ్చు.

వరదల సమయంలో వాట్సాప్‌లో తిరిగే వీడియో ఇప్పటిదా పాతదా అన్న ప్రశ్నకి కూడా ఇదే పద్ధతి. మూడు నాలుగు ఫ్రేములు తీసి లెన్స్‌లో ఎగ్జాక్ట్ మ్యాచెస్ చూడండి, తర్వాత టిన్‌ఐలో ఇచ్చి పాతవి ముందు వచ్చేలా అమర్చండి. ఆ ఫ్రేమే రెండేళ్ల కిందటి పేజీలో ఉంటే విషయం తేలిపోయినట్టే. ఏమీ దొరక్కపోతే మాత్రం అది కొత్త వీడియో అని అర్థం కాదు. వాహనాల నంబర్ ప్లేట్లూ సాయం చేస్తాయి. తెలంగాణలో టీజీ అక్షరాల రిజిస్ట్రేషన్ 2024 మార్చిలో మొదలైంది. టీజీ ప్లేటు కనిపించిందంటే ఆ వీడియో అంతకంటే పాతది కాదు. టీఎస్ ప్లేటు ఉన్నంత మాత్రాన పాతది అనలేం, ఆ బళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఇన్‌విడ్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వీడియో లింకు ఇస్తే ముఖ్యమైన ఫ్రేముల్ని తానే విడదీసి పెడుతుంది. ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్లు వాడేది అదే.

మిగతా టూల్స్

టిన్‌ఐ 2008 నుంచి ఉంది. అదే బొమ్మ కాపీలు ఎక్కడున్నాయో చెబుతుంది, పోలికలు చూపదు. వస్తువు పేరు కావాలంటే దీన్ని ముట్టుకోనక్కర్లేదు. ఫొటో దొంగిలించిన దుకాణాల్ని పట్టుకోవాలంటే దీనికి మించింది లేదు.

యాండెక్స్ రష్యా సంస్థది. కట్టడాలు, వీధులు, బయటి దృశ్యాల్లో లెన్స్ చేతులెత్తేసినప్పుడు ఇది దారి చూపిన సందర్భాలుంటాయి. ముఖాలు పోల్చడంలో కూడా గట్టిది, ఆ కారణం చేతే ఒక మాట: వీడియోలో కనిపించిన మామూలు మనిషి ఎవరో కనుక్కోవడానికి ఏ టూల్‌నీ వాడకండి. చీర గురించి అడగడం వేరు, చీర కట్టుకున్నామె ఎవరో, ఎక్కడుంటుందో వెతకడం వేరు. రెండోది అవతలివాళ్లకి ప్రమాదం.

బింగ్ విజువల్ సెర్చ్ ఫర్నిచర్, ఇంటి అలంకరణ వస్తువుల్లో బాగానే ఉంటుంది, మన చేనేత దగ్గర బలహీనం. పిన్‌టరెస్ట్ లెన్స్ ఫలానా వస్తువుని పట్టుకోవడానికి కాదు. బ్లౌజ్ వెనక మెడ డిజైన్, మెహందీ, పూజగది అలంకరణ లాంటివి ఒకటి చూపిస్తే అలాంటివి యాభై చూపించడంలో దాన్ని కొట్టే టూల్ లేదు. టైలర్‌కి చూపించడానికి ఫొటో కావాలంటే నేరుగా పిన్‌టరెస్ట్‌కి వెళ్లండి. అమెజాన్ యాప్‌లో వెతుకు పెట్టె పక్కన కెమెరా గుర్తు తమ దగ్గర ఉన్న సరుకులోంచే చూపిస్తుంది. వెతుకుతున్నది ప్లాస్టిక్ డబ్బా, వంటింటి ర్యాక్, ట్రైపాడ్ లాంటి కంపెనీ సరుకైతే ఇదే వేగం. చేత్తో చేసిన వస్తువైతే అక్కడ వచ్చేది నకలే ఎక్కువ.

జెమిని, చాట్‌జీపీటీ లాంటి చాట్ టూల్స్‌కి ఫ్రేమ్ ఇచ్చి అడగడం ఇప్పుడు మామూలైపోయింది. పేరే తెలియని వస్తువుకి, "దీన్ని ఏమంటారు, దేనికి వాడతారు" అన్న ప్రశ్నకి ఇవి లెన్స్ కంటే బాగా జవాబు చెబుతాయి. తప్పు చెప్పినా అంతే ధీమాగా చెబుతాయి. అందుకని ఒక్క పేరు అడగకుండా, "ఇది ఏమేమి అయి ఉండొచ్చో మూడు పేర్లు చెప్పు, వాటిని వేరుచేసే గుర్తులు చెప్పు" అని అడగండి. ఆ గుర్తులు పట్టుకుని వీడియో మళ్లీ చూడండి.

ఏ టూల్‌కి ఇచ్చినా మీ స్క్రీన్‌షాట్ ఆ కంపెనీ సర్వర్‌కి వెళుతుంది. పైన నోటిఫికేషన్లు, వాట్సాప్ పేర్లు, ఓటీపీ మెసేజ్ ఉంటే ముందు కత్తిరించేయండి.

కొనేముందు

పేరు దొరికింది, అమ్మే పేజీ దొరికింది. ఇక్కడే డబ్బు పోతుంది. ఆ పేజీలోని ఫొటోని మళ్లీ లెన్స్‌లో ఎగ్జాక్ట్ మ్యాచెస్‌కి, టిన్‌ఐకి ఇవ్వండి. అదే ఫొటో పది సైట్లలో పది ధరలతో ఉంటే ఆ ఫొటో వాళ్లెవరిదీ కాకపోవచ్చు. వీడియో ఫ్రేమ్‌నే ఉత్పత్తి ఫొటోగా పెట్టిన సైట్ దగ్గర అసలు సరుకు ఉండే అవకాశం తక్కువ. అడ్రస్, జీఎస్టీ నంబర్, వాపసు నియమం మూడూ లేని చోట ముందే డబ్బు కట్టకండి. చేతిలో పట్టుకున్న చీర వెనకవైపు ఫొటో వాట్సాప్‌లో పంపమని అడగండి. నిజంగా సరుకున్నవాళ్లు రెండు నిమిషాల్లో పంపుతారు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ మొత్తాన్ని బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదులో ఆ సైట్ స్క్రీన్‌షాట్లు, డబ్బు వెళ్లిన లావాదేవీ నంబర్ జత చేయండి.